మానసిక జబ్బు ముప్పు ఉన్నవాళ్లకు నిద్ర పట్టకపోతే: సీబీటీ, యాప్, మెలటోనిన్, మాత్ర... ఏది ఎవరికి?

ఇంట్లో ఒకరికి స్కిజోఫ్రెనియా గానీ బైపోలార్ (మూడ్ ఒకసారి అతి హుషారుకూ, ఒకసారి కుంగుబాటుకూ ఊగే జబ్బు) గానీ ఉంది. బీటెక్ రెండో ఏడు చదివే అబ్బాయి కొన్ని వారాలుగా రాత్రి మూడింటిదాకా మేలుకునే ఉంటున్నాడు. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు వినిపించిందంటాడు. పక్కగదిలో వాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారేమో అంటాడు, అంతలోనే 'అబ్బే, నా భ్రమేలే' అని సర్దుకుంటాడు. ఇంకా జబ్బు అనలేం, అలాగని వదిలేయనూ లేం. సైకియాట్రీలో దీన్ని ముప్పు దశ అంటారు. ఇలాంటివాళ్లను ప్రత్యేక క్లినిక్‌లలో రెండు మూడేళ్లు గమనిస్తే, పూర్తిస్థాయి సైకోసిస్‌లోకి, అంటే భ్రమలనూ అనుమానాలనూ నిజమనే నమ్మే స్థితిలోకి, వెళ్లేది సుమారుగా నలుగురైదుగురిలో ఒకరు. ఎక్కువమంది వెళ్లరు.

ఈ దశలో నిద్ర బాగుచేస్తే జబ్బు రాకుండా ఆగిపోతుందని ఇంకా రుజువు కాలేదు. కానీ నిద్రకూ అనుమానాలకూ లంకె ఉందన్నది గట్టిగా తేలింది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 68 మంది ఆరోగ్యవంతులను మూడు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, వాళ్లలో అనుమానాలు, లేనివి వినిపించడం, కనిపించడం వంటివి పెరిగాయి. ఆ ఫలితాలు 2018లో వచ్చాయి. అంతకుముందు 2017లో, నిద్రలేమి ఉన్న 3,755 మంది బ్రిటన్ విద్యార్థులతో చేసిన ఓయాసిస్ ట్రయల్‌లో దీనికి రెండో వైపు కనిపించింది. ఆన్‌లైన్‌లో నిద్ర చికిత్స తీసుకున్నవాళ్లకు నిద్ర మెరుగుపడింది, దాంతోపాటు అనుమానాలూ భ్రమలూ కొంత తగ్గాయి. అంటే ఏ జబ్బో తేలేదాకా నిద్రను వాయిదా వేసుకుని కూర్చోనక్కర్లేదు.

అయితే మామూలు నిద్రలేమికి పనికొచ్చే సలహాలన్నీ ఇక్కడ పనికిరావు. కొన్ని ఎదురు తిరుగుతాయి. కింద చెప్పే పోలికంతా ఒక్క నియమం మీదే నడుస్తుంది: ముప్పు ఉన్న మనిషికి, మంచి చికిత్స పేరుతోనైనా సరే, ఉన్న నిద్రను బాగా కోసేసే దారి ఎంచుకోకూడదు.

ముందు ఇది ఏ రకమో తేల్చుకోండి

'నిద్ర పట్టట్లేదు' అన్న ఒక్క మాట కింద కనీసం నాలుగు వేరువేరు ఇబ్బందులు ఉంటాయి. తేల్చుకోవడానికి అడగాల్సిన మొదటి ప్రశ్న ఎన్ని గంటలు పడుకున్నాడని కాదు, మర్నాడు ఎలా ఉన్నాడని.

రాత్రంతా దొర్లి, పొద్దున నీరసంగా, చిరాగ్గా లేస్తే అది నిద్రలేమి. తెల్లవారుజామున నాలుగింటికి పడుకున్నా మధ్యాహ్నందాకా హాయిగా పడుతుంటే అది వేళ తప్పిన నిద్ర. దానికి నిద్రలేమి చికిత్స చేస్తే ఫలితం రాదు. పీడకలలకు భయపడి పడుకోవడమే మానేస్తుంటే అది మూడో రకం. ఇక రెండు మూడు రాత్రులుగా మూడు నాలుగు గంటలే పడుకుని, అయినా అలసట లేకుండా, మామూలుకంటే హుషారుగా, గబగబా మాట్లాడుతూ, కొత్త కొత్త ప్లాన్లు వేస్తూ, డబ్బు ఖర్చుపెడుతూ ఉంటే అది నిద్రలేమి కాదు. నిద్ర అవసరమే తగ్గిపోవడం. మేనియా (బైపోలార్‌లో వచ్చే అతి హుషారు దశ) మొదలవుతోందనడానికి ఇది తొలి గుర్తుల్లో ఒకటి. ఈ నాలుగో రకానికి సీబీటీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స), యాప్, మెలటోనిన్ (చీకటి పడ్డాక ఒంట్లో ఊరే నిద్ర హార్మోన్) ఏవీ చూడొద్దు. అదే రోజు సైకియాట్రిస్ట్‌తో మాట్లాడాలి.

'పిల్లాడు పరీక్షలకు రాత్రంతా చదువుతున్నాడు, ఎంత పట్టుదలో!' అని ఇంట్లోవాళ్లు మురిసిపోయే సందర్భాల్లో ఈ నాలుగో రకం కళ్లముందే దాటిపోతుంది. పుస్తకం తెరిచి ఒక్క పేజీ మీద నిలవలేకపోతున్నాడా, పాఠం మీంచి మాట ఎక్కడెక్కడికో పోతోందా, పక్కన కూర్చుని గమనించండి.

కొన్నిటికి వేరే కారణాలుంటాయి, అవి పోతే తప్ప ఏ చికిత్సా పనిచేయదు. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుంటే స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించాలి. యాంటీసైకోటిక్ మందులతో (సైకోసిస్‌కు ఇచ్చేవి) బరువు పెరిగినవాళ్లలో ఇది ఎక్కువ. పడుకోగానే కాళ్లు లాగినట్టు, కదపకుండా ఉండలేనట్టు ఉంటే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ తెలిపే రక్తపరీక్ష) చూపించాలి. అది 75 కంటే తక్కువుంటే ఐరన్ ఇస్తారు. దీనికి మామూలుగా రాసే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని ఉత్తేజపరిచేవి, సైకోసిస్ ముప్పు ఉన్నవాళ్లలో భ్రమలు తెప్పించగలవు. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఆ చరిత్ర ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఉబ్బసానికో చర్మానికో ప్రెడ్నిసొలోన్ వాడుతున్నా నిద్ర పోతుంది, మూడ్ కూడా మేనియా వైపు ఎగరవచ్చు.

నిద్రలేమి అయితే: మనిషితో సీబీటీయా, యాప్‌తోనా

మందు లేకుండా చేసే చికిత్సల్లో ఎక్కువ ఆధారాలున్నది నిద్ర కోసం రూపొందించిన సీబీటీకి. ముప్పు దశలో ఉన్న 14 నుంచి 25 ఏళ్లవాళ్ల కోసం ప్రత్యేకంగా మార్చిన రూపాన్ని ఆక్స్‌ఫర్డ్‌లో పరీక్షించారు. స్లీప్‌వెల్ అనే ఆ ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. 40 మందితో చేసిన చిన్న ట్రయల్ అది. అయినా నిద్రలేమి బాగా తగ్గింది, మధ్యలో మానేసినవాళ్లు చాలా తక్కువ. ఈ వయసు పిల్లలు కౌన్సెలింగ్‌కు రారన్న అభిప్రాయం నిద్ర విషయంలో నిజం కాదని మా నమ్మకం. 'నీకు మానసిక సమస్య ఉంది' అంటే ముఖం తిప్పుకునేవాళ్లు 'నీ నిద్ర సరిచేద్దాం' అంటే కూర్చుంటారు.

ఇందులో అసలు పనిచేసే భాగం మంచం మీద గడిపే సమయాన్ని కుదించడం. ముప్పు ఉన్నవాళ్ల విషయంలో తేడా వచ్చేది ఇక్కడే. ఒక ఉదాహరణ తీసుకుందాం. 20 ఏళ్ల కుర్రాడు రాత్రి 11కి పడుకుని పొద్దున 8కి లేస్తాడు. మంచం మీద 9 గంటలు. వారం రోజుల డైరీ చూస్తే నిజంగా పట్టిన నిద్ర సగటున 5 గంటల 30 నిమిషాలు. అంటే మంచం మీదున్న సమయంలో 61 శాతమే నిద్ర. మామూలు పద్ధతిలో అయితే మంచం మీద ఐదున్నర గంటలే ఉండమంటారు, 1:30కి పడుకుని 7కి లేవమంటారు. మొదటి వారం నిద్ర ఇంకా తగ్గుతుంది, ఆ ఒత్తిడికి తర్వాత గాఢంగా పడుతుంది. మామూలు మనిషి ఆ వారం ఎలాగోలా తట్టుకుంటాడు. బైపోలార్ ముప్పు ఉన్నవాడికి ఆ వారమే మేనియాకు తలుపు తీయొచ్చు, అనుమానాలున్నవాడికి అవి ముదరవచ్చు.

అందుకే ఇక్కడ 6 గంటల 30 నిమిషాల కంటే తగ్గించరు. బైపోలార్ ఉన్న 58 మందితో బర్క్‌లీలో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనం కూడా ఆ హద్దు పెట్టుకునే నడిచింది. చికిత్స తర్వాత ఆరు నెలల్లో వాళ్లు జబ్బుతో గడిపిన రోజులు తగ్గాయి. మన కుర్రాడికైతే 7 గంటలతో, అంటే 12:30 నుంచి 7:30 వరకు మొదలుపెట్టడం మేలు. అదీ ఒక్కసారిగా కాదు, రెండు మూడు రోజులకోసారి అరగంట చొప్పున కుదిస్తూ రావాలి. 7 గంటల్లో 6 గంటల నిద్ర పట్టింది అంటే 86 శాతం. 85 దాటింది కాబట్టి తర్వాతి వారం 15 నిమిషాలు కలపొచ్చు. 80 కంటే తక్కువుంటే ఇంకా కోయకండి, లేచే వేళను గట్టిగా పట్టుకుని అలాగే మరో వారం ఆగండి.

రెండో భాగం, నిద్ర రాకపోతే 15, 20 నిమిషాలకు మంచం దిగడం. రాత్రిపూట భయపడేవాళ్లకు, గొంతులు వినిపించేవాళ్లకు మంచమే ధైర్యమిచ్చే చోటు. అలాంటివాళ్లను చీకట్లో ఒంటరిగా హాల్లో కూర్చోమంటే ఒక్క రాత్రితో చికిత్స ఆగిపోతుంది. వాళ్లకు మంచం పక్కనే కుర్చీ, చిన్న దీపం, ముందే ఎంచి పెట్టుకున్న తేలిక పని ఉండాలి: తెలిసిన పాటలు సన్నగా వినడం, బట్టలు మడతపెట్టడం. హాస్టల్‌లో ఒక మంచమే మొత్తం గది అయినప్పుడు పగలు తలగడ, దుప్పటి తీసేసి గోడవైపు కూర్చోవడం, రాత్రి పడుకునేటప్పుడే తలగడ వేసుకోవడం కొంత పనిచేస్తుంది. పగలంతా చేసేందుకు ఏమీ లేక మంచం మీదే గడిపేవాళ్లకు రాత్రి చికిత్స కంటే పగటి పని కల్పించడం ముఖ్యం. కాలేజీ మానేసి ఇంట్లో ఉన్న పిల్లల విషయంలో నిద్ర పాడవడానికి సగం కారణం ఇదే అవుతుంది.

యాప్‌ల విషయానికొస్తే, ఓయాసిస్ చూపించినట్టు అవి నిజంగా పనిచేస్తాయి, ఎక్కడున్నా అందుబాటులో ఉంటాయి. కానీ చాలా యాప్‌లు మంచం మీది సమయాన్ని లెక్కకట్టి వాటంతటవే కోసేస్తాయి, ఎవరి ఇంట్లో ఏ జబ్బుందో వాటికి తెలియదు. తేలికపాటి అనుమానాలే ఉండి, బైపోలార్ చరిత్ర లేకపోతే యాప్‌తో మొదలుపెట్టొచ్చు. సొంతంగా గానీ ఇంట్లోవాళ్లకు గానీ ఎప్పుడైనా మేనియా వచ్చి ఉంటే మనిషి దగ్గరకే వెళ్లండి. మణికట్టుకు కట్టుకునే ట్రాకర్లు మేం సూచించం. గాఢనిద్రను అవి తరచూ తప్పుగా చూపిస్తాయి, ఆ అంకెలు చూసి ఆందోళన పెరుగుతుంది. తనను ఎవరో గమనిస్తున్నారన్న అనుమానం ఉన్నవాడి చేతికి గమనించే పరికరం కట్టడం మరీ తప్పు. కాగితం మీద రోజుకు నాలుగు అంకెలు చాలు: ఎప్పుడు పడుకున్నా, ఎంతసేపటికి పట్టింది, ఎన్నిసార్లు లేచా, ఎప్పుడు లేచా.

వేళ తప్పిన నిద్రకు: వెలుగు, మెలటోనిన్

నాలుగింటికి పడుకుని పన్నెండింటికి లేచేవాడిని ఇంట్లోవాళ్లు పొద్దున ఆరింటికి లేపి ఎండలో నిలబెడతారు. ఉద్దేశం మంచిదే కానీ ఫలితం తిరగబడుతుంది. మామూలుగా లేచే వేళకు రెండు మూడు గంటల ముందు శరీర ఉష్ణోగ్రత అత్యల్పానికి చేరుతుంది. అతని విషయంలో అది పొద్దున 9, 10 మధ్య. దానికి ముందు పడ్డ వెలుగు ఒంట్లోని గడియారాన్ని ఇంకా వెనక్కి నెడుతుంది. తర్వాత పడ్డ వెలుగే ముందుకు లాగుతుంది. కాబట్టి మొదట 11:30కి లేపి వెంటనే అరగంట ఆరుబయట ఉంచాలి. రెండు మూడు రోజులకోసారి అరగంట చొప్పున ముందుకు జరపాలి. నెల రోజుల్లో ఏడున్నరకు రావచ్చు. మన దగ్గర లైట్ బాక్స్ కొననక్కర్లేదు. మబ్బు పట్టిన రోజున కూడా బయట వేల లక్స్ (వెలుగు కొలమానం) వెలుగు ఉంటుంది, ట్యూబ్‌లైట్ వెలిగే గదిలో కొన్ని వందలే.

లండన్ లాంటి చోట చలికాలం గడిపే మన విద్యార్థులకు 10,000 లక్స్ బాక్స్ అవసరం పడొచ్చు. బైపోలార్ చరిత్ర ఉంటే పొద్దున్నే పెట్టే బలమైన వెలుగు మేనియా తెప్పించగలదు. అలాంటివాళ్లు డాక్టర్‌ను అడిగి, మధ్యాహ్నం 15 నిమిషాలతో మొదలుపెట్టడం భద్రం.

మెలటోనిన్‌కు సరైన చోటు ఇదే, నిద్రలేమి కాదు. మందుల షాపుల్లో 3, 5, 10 మిల్లీగ్రాములవి దొరుకుతాయి, ఎక్కువ వేస్తే ఎక్కువ నిద్ర వస్తుందనుకుని 10 కొంటారు. వేళ మార్చడానికి 0.5 నుంచి 3 మిల్లీగ్రాములు చాలు. పడుకునే ముందు కాదు, ప్రస్తుతం నిద్ర పట్టే వేళకు నాలుగైదు గంటల ముందు వేసుకోవాలి. పడుకునేటప్పుడు పెద్ద మోతాదు వేస్తే మర్నాడు పొద్దున మత్తు మిగులుతుంది, లేచే వేళ మళ్లీ జారిపోతుంది.

'ఒక్క రాత్రి మొత్తం మేలుకుంటే సెట్ అయిపోతుంది' అన్న చిట్కా ఈ పిల్లలకు అసలు వద్దు. నిద్ర కోతే మేనియాకు దారితీసే ఉమ్మడి మార్గం కావచ్చని 1987లోనే వెర్, శాక్, రోసెంథాల్ అనే పరిశోధకులు రాశారు. శివరాత్రి జాగారం, తెల్లవారుజాము ముహూర్తాల పెళ్లిళ్లు, వరసగా రెండు రాత్రులు బస్సు ప్రయాణాలు, అమెరికా విమానం దిగిన మొదటి వారం... వీటన్నిటికీ ముందే ఆలోచించుకోవాలి. ఇంతకుముందు ఒకసారి మూడ్ ఎగిరిన మనిషిని జాగారానికి కూర్చోబెట్టకండి. పన్నెండింటికి పడుకోబెడితే దేవుడేమీ అనుకోడు.

మాత్రలు: ఏది, ఎన్నాళ్లు

క్లోనజెపామ్, ఆల్ప్రజోలామ్ లాంటివి ఆ రాత్రికి నిద్ర పట్టిస్తాయి, అందులో సందేహం లేదు. తీవ్రమైన కలతలో రెండు మూడు రాత్రులు నిద్ర కాపాడటానికి డాక్టర్ ఇస్తే అది సరైన పని. చిక్కు వచ్చేది రెండు నుంచి నాలుగు వారాలు దాటాక. ఆల్ప్రజోలామ్ త్వరగా ఒంట్లోంచి పోతుంది. తెల్లారేసరికి గుండె దడ, ఆందోళన మొదలవుతాయి, జబ్బు పెరుగుతోందనుకుని ఇంకో మాత్ర వేస్తారు. క్లోనజెపామ్ రోజుకు పైగా ఒంట్లో ఉంటుంది, క్లాసులో తల వాలిపోతుంది. రెండిటినీ ఒక్కసారిగా ఆపితే నిద్ర మునుపటికంటే పాడవుతుంది, మూర్ఛ కూడా రావచ్చు. డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారం వారాల మీద తగ్గించుకుంటూ రావాలి. మద్యంతో కలిపితే ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది. ఇవి డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందులు. 'తెలిసిన షాపే' అని కొనుక్కోకండి.

జోల్పిడెమ్ వేసుకుని నిద్రలోనే నడవడం, వండుకోవడం, బండి నడపడం జరిగి, 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. భ్రమలు కూడా రావచ్చు. ఇప్పటికే ఏవో వినిపిస్తున్నాయంటున్నవాడికి ఇస్తే, అది మందు వల్లా జబ్బు వల్లా అన్నది డాక్టర్‌కు కూడా తేల్చడం కష్టం.

క్వెటియాపిన్ అనే యాంటీసైకోటిక్‌ను 25, 50 మిల్లీగ్రాములు 'నిద్రకు' అని రాయడం ఈమధ్య మామూలైపోయింది. మేనియా, సైకోసిస్ స్పష్టంగా మొదలైతే యాంటీసైకోటిక్ కావాలి, దానికి భయపడొద్దు. కానీ ముప్పు మాత్రమే ఉన్న మనిషికి, జబ్బు రాకుండా ఆపడానికని యాంటీసైకోటిక్ ఇవ్వొద్దని బ్రిటన్‌లో చికిత్సలకు మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ చెబుతోంది, సీబీటీ ఇమ్మంటోంది. చిన్న మోతాదైనా ఆకలి, బరువు, షుగర్ పెరగొచ్చు, కాళ్ల లాగుడు ఎక్కువ కావచ్చు. మిర్టాజపైన్, అమిట్రిప్టిలిన్ లాంటి నిద్ర తెప్పించే యాంటీడిప్రెసెంట్లు రాస్తే 'మా ఇంట్లో బైపోలార్ ఉంది' అన్న మాట తప్పక చెప్పండి. వీటితో, ముఖ్యంగా అమిట్రిప్టిలిన్ కోవకు చెందినవాటితో, మూడ్ మేనియా వైపు తిరగొచ్చు.

అవిల్, జలుబు సిరప్‌లు నిద్రకు వాడకండి. నాలుగైదు రోజులకే ఒళ్లు అలవాటు పడుతుంది, మోతాదు పెంచితే మతి తడబడుతుంది. అశ్వగంధ 'మూలికే కదా' అనిపిస్తుంది, కాలేయం దెబ్బతిన్న సందర్భాలు నమోదయ్యాయి. గంజాయి సైకోసిస్ ముప్పును పెంచుతుంది, ఆపిన మొదటి రెండు వారాలు నిద్ర పాడవుతుంది. ఆ రెండు వారాలు ఓపిక పట్టలేకే చాలామంది మళ్లీ మొదలుపెడతారు. కాబట్టి ఆపే తేదీని డాక్టర్‌తో కలిసి పెట్టుకోవాలి.

పీడకలలకు మాత్రల కంటే ముందు చూడాల్సింది కలను మార్చి రాసుకునే పద్ధతి. పగటిపూట ఆ కలను కాగితం మీద పెట్టి, ముగింపు మార్చి, కొత్త కథను రోజూ 10 నుంచి 20 నిమిషాలు మనసులో నడిపించుకోవాలి. మరీ భయంకరమైన కలతో కాకుండా ఓ మాదిరిదానితో మొదలుపెట్టాలి.

బాలింతల సంగతి వేరు

మామూలుగా ప్రసవమైన వెయ్యిమందిలో ఒకరిద్దరికి సైకోసిస్ వస్తుంది. బైపోలార్ ఉన్నవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి. ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. బిడ్డ ఏడ్చినప్పుడు లేవడం మామూలే. బిడ్డ నిద్రపోతున్నా, చీకట్లో పక్కన మనిషి ఉన్నా తల్లికి కన్ను మూతపడకపోతే, మాటలు పొంతన లేకపోతే అది అత్యవసరం. గాలి సోకిందని తాయెత్తు కట్టించి రోజులు పోగొట్టుకోకూడదు. పుట్టింటికి వచ్చిన బాలింతకు మన ఇళ్లల్లో ఒక సదుపాయం ఉంది, అమ్మమ్మో అక్కో రాత్రిళ్లు తోడుంటారు. దాన్ని పద్ధతిగా వాడుకోండి. రాత్రి పదింటికి పాలిచ్చి తల్లిని వేరే గదిలో పడుకోబెట్టి, ఒంటిగంటకు పట్టాల్సిన పాలు, ముందే పిండి ఉంచినవి గానీ డాక్టర్ చెప్పిన డబ్బాపాలు గానీ ఇంకొకరు పట్టాలి. ఐదు గంటలు ఏకబిగిన నిద్ర దొరకాలి. మూడ్‌ను నిలకడగా ఉంచే లిథియంలాంటి మందులు వాడుతున్నవాళ్లు పాలివ్వడం గురించి ప్రసవానికి ముందే సైకియాట్రిస్ట్‌తో తేల్చుకోవాలి.

ఎక్కడికి వెళ్లాలి, ఎప్పుడు దారి మార్చాలి

ఎవరిని కలవాలో తెలియనప్పుడు టెలి-మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బోధనాసుపత్రుల్లోని సైకియాట్రీ విభాగాలు మందు రాయాల్సిన పరిస్థితికి. సీబీటీకి ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నమోదున్న క్లినికల్ సైకాలజిస్ట్ కావాలి. మొదటి సిట్టింగ్‌లోనే రెండు ప్రశ్నలు అడగండి: నిద్ర డైరీ రాయిస్తారా? మంచం మీది సమయాన్ని ఎంత వరకు తగ్గిస్తారు? రెండోదానికి 'ఎంత పడుతుందో అంతే' అని జవాబొస్తే ఇంట్లో ఉన్న బైపోలార్ సంగతి చెప్పి మళ్లీ అడగండి.

చికిత్స ముందు, తర్వాత ఐఎస్ఐ అనే, నిద్రలేమి తీవ్రతను కొలిచే ఏడు ప్రశ్నల పట్టిక నింపించుకోండి. మొత్తం 28 పాయింట్లు. 15 నుంచి 21 అయితే మధ్యస్థం, 22 నుంచి తీవ్రం. నాలుగు నుంచి ఆరు వారాల్లో 6 పాయింట్లైనా తగ్గితే ఆ దారి పనిచేస్తోంది, కొనసాగించండి. తగ్గకపోతే మోతాదు పెంచమని అడిగే ముందు గురక, కాళ్ల లాగుడు, గంజాయి, సాయంత్రం నాలుగు తర్వాత తాగే కాఫీ, మరోసారి మూడ్... ఈ వరసలో వెతకమని అడగండి. ఈ మధ్యలో ఎప్పుడైనా గొంతులు 'ఇది చెయ్యి' అని ఆదేశిస్తున్నాయన్నా, చావు మాటలు వచ్చినా, రెండు రాత్రులు నిద్ర లేకుండా హుషారు పెరుగుతున్నా డైరీ, పాయింట్లు పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.